కండువా కప్పుకునే ముందు

"మీరు ఏ పార్టీ?" పెళ్ళి భోజనాల దగ్గర్నుంచి బస్సు ప్రయాణం దాకా మన దగ్గర ఈ ప్రశ్న ఎక్కడైనా ఎదురవుతుంది. మీకు పద్దెనిమిదేళ్ళు నిండకముందే మీ తరఫున ఎవరో జవాబు చెప్పేసి ఉంటారు కూడా. "వాళ్ళ తాత కాలం నుంచీ కాంగ్రెస్సే" అనో, "ఆ వీధంతా తెలుగుదేశం" అనో, "కాలేజీలో సంఘంతో తిరిగాడుగా, ఎర్రజెండానే" అనో. మరి మీరు తేల్చుకోవడానికి ఇంకేం మిగిలింది?

చాలా మిగిలింది. ఓటు వచ్చాక మొదటి ఎన్నిక చూడబోతున్నవాళ్ళ కోసం, సభ్యత్వ పుస్తకంతో గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి ఏం చెప్పాలో తోచనివాళ్ళ కోసం, ఇరవై ఏళ్ళు ఒకే జెండా మోసి ఇప్పుడు మనసొప్పక నలుగుతున్నవాళ్ళ కోసం ఈ అధ్యాయం. ఫలానా పార్టీలో చేరండని ఇందులో ఎక్కడా చెప్పను. మీ అభిప్రాయాలు ముందు తేలాలి, పార్టీ సంగతి ఆ తర్వాత చూడాలి. ఈ వరస తిరగబడితే పార్టీ మాట మార్చినప్పుడల్లా మీరూ మాట మార్చాల్సి వస్తుంది. నిన్న తిట్టినదాన్ని ఇవాళ మెచ్చుకోవాల్సి వస్తుంది. ఆ బాధ పడుతున్నవాళ్ళను మీరూ చూసే ఉంటారు.

1. పార్టీల పేర్లు పక్కన పెట్టి, మీ బతుకు సంగతులు రాయండి

ఒక కాగితం తీసుకోండి. ప్రభుత్వం వల్ల మీ ఇంట్లో మంచికో చెడుకో మార్పు తెచ్చిన అయిదు విషయాలు రాయండి. పెద్ద మాటలు వద్దు. "అభివృద్ధి", "సామాజిక న్యాయం", "సుపరిపాలన" అని రాస్తే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు, ఎందుకంటే ఆ మాటలు అన్ని మేనిఫెస్టోల్లోనూ ఉంటాయి. "మా చెల్లి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమై కాలేజీవాళ్ళు సర్టిఫికెట్లు ఆపారు" అని రాయండి. "నాన్న గుండె ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కార్డు మీద జరిగింది." "కాలవ చివరి పొలానికి నీళ్ళు అందవు." "డిగ్రీ అయి మూడేళ్ళయింది, నోటిఫికేషన్ లేదు." "మా పేటలో శ్మశానానికి దారి లేదు." ఇవి మీ రాజకీయాలు. మిగతాదంతా వీటి మీద కట్టుకోవాలి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. తమకు అక్కరలేనివాటి గురించే గంటల తరబడి వాదిస్తారు. టీవీ చర్చలో ఏది నడుస్తుంటే అదే తమ సమస్య అనుకుంటారు. రాసిన అయిదూ చూసుకుని అడగండి: గత నెల రోజుల్లో నేను రాజకీయం మాట్లాడినప్పుడు వీటిలో ఒక్కటైనా నా నోటి వెంట వచ్చిందా?

అయిదింటినీ ప్రాధాన్యాన్ని బట్టి వరసలో పెట్టండి. ఇది కష్టం. అన్నీ ముఖ్యమే అనిపిస్తాయి. అయినా పెట్టాలి, ఎందుకంటే అయిదూ తీర్చే పార్టీ మీకు దొరకదు. రెండు మూడు విషయాల్లో నచ్చి, ఒకదాంట్లో అస్సలు నచ్చని పార్టీలే ఎదురుగా ఉంటాయి. ఏది వదులుకోగలరో, ఏది వదులుకోలేరో ఇంట్లో ప్రశాంతంగా కూర్చున్నప్పుడే తేలాలి. ప్రచార మైకుల హోరులో తేలదు.

సమస్యను ముందు పెట్టుకున్నవాళ్ళు ఏం సాధించగలరో మన దగ్గరే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు చూపించారు. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతుల్లో కలుసుకుని, మగవాళ్ళ కూలి డబ్బంతా సారాకొట్టు పాలవుతోందని మాట్లాడుకుని, కొట్టే మూయించారు. ఏ పార్టీ కార్యాలయమూ వాళ్ళను పంపలేదు. ఆ ఉద్యమం పాకి పాకి, 1993లో కాంగ్రెస్ ప్రభుత్వం సారాను నిషేధించింది. తర్వాత ఎన్నికల్లో మద్యనిషేధం హామీ ఇచ్చి గెలిచిన ఎన్టీఆర్ 1995లో దాన్ని అమల్లోకి తెచ్చారు. పార్టీలే వాళ్ళ వెనక నడిచాయి. ఇందులో రెండో సగం కూడా గుర్తుంచుకోండి: 1997లో తెలుగుదేశం ప్రభుత్వమే ఆ సంపూర్ణ నిషేధాన్ని సడలించింది. ఆ రోజు ఒక కార్యకర్తకు మద్యనిషేధమే మొదటి అంశమై ఉంటే అతను ఏం చేయాలి? ఈ ప్రశ్న ఏదో ఒక రోజు మీకూ ఎదురవుతుంది. జవాబు ఏడో భాగంలో వెతుకుదాం.

2. ఎవరి పని ఏదో తెలుసుకోండి

మురుగుకాలవ పూడిపోతే ప్రధానమంత్రిని, రైలు ఆగకపోతే సర్పంచిని తిట్టి లాభం లేదు. పోలీసు, వ్యవసాయం, భూమి, ప్రభుత్వాసుపత్రులు రాష్ట్రానివి. రైల్వేలు, రక్షణ, విదేశాంగం కేంద్రానివి. చదువు 1976 నుంచి ఇద్దరిదీ. వీధిదీపాలు, మంచినీళ్ళు, చెత్త మీ పంచాయతీవి లేదా మున్సిపాలిటీవి. మీరు రాసిన అయిదింటి పక్కన ఏది ఎవరిదో రాసుకోండి. అసెంబ్లీకి ఒక పార్టీకీ లోక్‌సభకు ఇంకో పార్టీకీ ఓటెయ్యడం నిలకడలేనితనమని ఎవరైనా అంటే పట్టించుకోకండి. పనులు వేరు, అడిగే ప్రశ్నలు వేరు. ఇక మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. సర్పంచి అభ్యర్థిని మనిషిగా చూసి ఎంచుకునే వీలు చట్టమే ఇచ్చింది. ఆ వీలును వదులుకోకండి.

3. ఇంటి పార్టీ, కులం పార్టీ, హీరో పార్టీ

ఇది సున్నితమైన చోటు. "కులం చూసి ఓటేసేవాళ్ళు వెనకబడినవాళ్ళు" అని తేలిగ్గా అనేయడం నాకు నచ్చదు. తరతరాలుగా అధికారం మొహం చూడని కులానికి చెందినవాడు తనవాడొకడు ఆఫీసులో కుర్చీలో కూర్చోవాలని కోరుకోవడంలో న్యాయం ఉంది. తాత ఏ పార్టీలో ఉన్నాడన్నదానికీ కారణాలుంటాయి. తెలంగాణ సాయుధ పోరాటం చూసిన కుటుంబం ఎర్రజెండాను ప్రేమించడం వెనకా, 1982లో పార్టీ పుట్టినప్పుడు చైతన్యరథం వెంట పరుగెత్తిన తండ్రి పసుపుజెండాను వదలలేకపోవడం వెనకా బతికిన అనుభవం ఉంది. దాన్ని గౌరవించండి. ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి కూడా: "నాన్నా, నువ్వు మొదట ఎందుకు చేరావు?" వాళ్ళు చెప్పే కారణం ఇవాళ ఆ పార్టీలో ఇంకా బతికే ఉందా? ఉంటే మీరూ అక్కడే ఉండొచ్చు. లేకపోతే, నాన్న మీద ప్రేమ చూపించడానికి వేరే మార్గాలు ఎన్నో ఉన్నాయి.

అభిమానం మీ కళ్ళు కప్పుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష చెబుతాను. పేర్లు మార్చి చూడడం. మీ పార్టీ చేసిన పనిని అవతలి పార్టీ చేసినట్టు ఊహించుకోండి. అప్పుడూ మీ తీర్పు అదేనా?

ఫిరాయింపులనే తీసుకుందాం. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీ గుర్తు మీద గెలిచిన 23 మంది ఎమ్మెల్యేలు తెలుగుదేశం వైపు వెళ్ళారు. 2019లో తెలంగాణలో కాంగ్రెస్ గుర్తు మీద గెలిచిన 12 మంది అప్పటి టీఆర్‌ఎస్ పక్షంలో విలీనమయ్యారు. 2023 ఎన్నికల తర్వాత బీఆర్‌ఎస్ తరఫున గెలిచిన కొందరు కాంగ్రెస్ వైపు నడిచారు. మూడు సందర్భాలూ పక్కపక్కన పెట్టుకోండి. ఒకదాంట్లో "నియోజకవర్గ అభివృద్ధి కోసం" అనీ, ఇంకోదాంట్లో "అమ్ముడుపోయారు" అనీ మీకు అనిపిస్తోందా? అయితే అక్కడ మాట్లాడుతున్నది మీ అభిప్రాయం కాదు. మూడింటినీ ఒకే కొలతతో కొలవగలిగితే మీకంటూ ఒక అభిప్రాయం ఏర్పడినట్టే. ఈ పరీక్షను అప్పుల మీద, పోలీసు కేసుల మీద, ఇళ్ళ స్థలాల మీద, ధర్నాలకు అనుమతుల మీద కూడా పెట్టి చూడండి. మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది. అలవాటైతే వాట్సాప్ గ్రూపులో వచ్చే సగం పోస్టులు మిమ్మల్ని కదిలించలేవు.

సినిమా అభిమానానికీ ఇదే వర్తిస్తుంది. తెరమీది మనిషి నచ్చడం ఒక సంతోషం, అది మీ సొంతం. ఆయన పార్టీ మీ అయిదు అంశాల మీద ఏమంటోందన్నది వేరే ప్రశ్న. రెండూ విడివిడిగా ఉంచుకోవచ్చు.

4. మాటను పనితో సరిచూడండి

మేనిఫెస్టో చదవాలి, కాకపోతే పాతది. కొత్త మేనిఫెస్టో చదివితే ఆశలు తెలుస్తాయి. అయిదేళ్ళ కిందటిది చదివితే మనుషులు తెలుస్తారు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం, 2004లో రైతుకు ఉచిత విద్యుత్ చెప్పినవే, చేసినవే. ఎవరి పార్టీ అని చూడకుండా ఇలాంటివి మీ ఖాతాలో రాసుకోండి. చెప్పి చెయ్యనివీ అలాగే రాసుకోండి. మీ అయిదు అంశాల వరకే చూస్తే చాలు, ఒక ఆదివారం మధ్యాహ్నంతో అయిపోతుంది.

అభ్యర్థి అఫిడవిట్ తప్పకుండా చూడండి. ఆస్తులు, అప్పులు, చదువు, తన మీద ఉన్న క్రిమినల్ కేసులు ప్రతి అభ్యర్థీ ప్రమాణపత్రంలో చెప్పాలి. 2002, 2003లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పుల వల్ల మనకు దక్కిన హక్కు ఇది. ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. కేసులున్న అభ్యర్థినే ఎందుకు ఎంచుకున్నారో కారణం చెప్పి తమ వెబ్‌సైట్లో పెట్టాలని 2020లో సుప్రీంకోర్టు పార్టీలను ఆదేశించింది. మీరు ఇష్టపడుతున్న పార్టీ రాసిన కారణం ఒకసారి చదవండి. అది మీకు సబబుగా తోస్తుందా?

పొత్తుల సంగతి కూడా ముందే ఆలోచించుకోవాలి. కాంగ్రెస్‌కు ఎదురుగా పుట్టిన తెలుగుదేశం 2018 తెలంగాణ ఎన్నికల్లో అదే కాంగ్రెస్‌తో కలిసి పోటీ చేసింది. టీఆర్‌ఎస్ 2004లో కాంగ్రెస్‌తో, 2009లో తెలుగుదేశంతో నడిచింది. వామపక్షాలు 1994లో తెలుగుదేశంతో, 2004లో కాంగ్రెస్‌తో, 2009లో మళ్ళీ తెలుగుదేశంతో కలిశాయి. పొత్తు పెట్టుకోవడం తప్పని నేను అనను. అయితే "వాళ్ళంటే పడదు కాబట్టి వీళ్ళతో ఉన్నాను" అన్నదే మీ ఏకైక కారణమైతే, పొత్తు కుదిరిన రోజు మీ కాళ్ళ కింద నేల ఉండదు.

5. ఎంత దూరం వెళ్ళాలో మీరే నిర్ణయించుకోండి

పార్టీలో ఉండడమంటే ఒకే రకంగా ఉండడమని చాలామంది అనుకుంటారు. ఓటు వేసి ఊరుకోవచ్చు. నలుగురిలో సమర్థిస్తూ మాట్లాడొచ్చు. సభ్యత్వం తీసుకోవచ్చు. బూత్ కమిటీలో చేరి ఇంటింటికీ తిరగొచ్చు. ఒక మెట్టు ఎక్కినంత మాత్రాన తర్వాతి మెట్టు ఎక్కాలన్న నియమం లేదు. ఎక్కిన మెట్టు దిగకూడదన్న నియమం అసలే లేదు.

నరసరావుపేట దగ్గర ఒక ఊళ్ళో ఇంజనీరింగ్ చదివే కుర్రాడున్నాడనుకోండి. పండక్కి ఇంటికొచ్చాడు. మావయ్య అంటాడు: "ఒరేయ్, ఎమ్మెల్యేగారి పుట్టినరోజు ఫ్లెక్సీలో నీ ఫొటో కూడా వేయిస్తున్నా, ఒకటి పంపు." కుర్రాడికి ఆ ఎమ్మెల్యే మీద కోపమూ లేదు, ఇష్టమూ లేదు. మావయ్యను నొప్పించలేక పంపిస్తాడు. ఫ్లెక్సీ కూడలిలో లేస్తుంది. ఆ రోజు నుంచి అవతలి పార్టీ స్నేహితుడు పలకరించడు, ఇవతలివాళ్ళు ప్రతి ర్యాలీకి బండి తీసుకుని రమ్మంటారు. అభిప్రాయం ఏర్పడకముందే ముద్ర పడిపోయింది. "మావయ్యా, ఈసారికి వద్దులే. పరీక్షలయ్యాక నేనే ఆలోచించుకుని చెబుతా" అని నవ్వుతూ అని ఉంటే సరిపోయేది. ఇలాంటి ఒక్క వాక్యం ముందే సిద్ధం చేసుకుని ఉంచుకోండి. అప్పటికప్పుడు తోచదు.

సభ్యత్వం విషయంలో మూడు జాగ్రత్తలు. మిస్డ్ కాల్‌తో సభ్యత్వం ఇచ్చే రోజులివి, ఫోన్ ఇచ్చే ముందు ఏ నంబరుకు చేస్తున్నారో చూడండి. కొన్ని పార్టీలు సభ్యత్వంతోపాటు ప్రమాద బీమా ఇస్తున్నాయి. బీమా కోసమే చేరేటట్టయితే బీమా కంపెనీకే కట్టండి, పార్టీని ఆ లెక్కలోకి తేవద్దు. చందా ఇస్తే రసీదు అడగండి.

ప్రభుత్వోద్యోగులకు ఇక్కడ చట్టమే గీత గీసింది. ఉమ్మడి రాష్ట్రపు 1964 నాటి ప్రవర్తన నియమావళి ప్రకారం ఉద్యోగి పార్టీ సభ్యుడుగా ఉండకూడదు, ప్రచారం చేయకూడదు. ఓటు వేయొచ్చు, ఎవరికి వేశాడో చెప్పాల్సిన పని లేదు. పార్టీ నాయకుడి పోస్టును ఫార్వర్డ్ చేసి ఇబ్బందుల్లో పడకండి. విదేశాల్లో ఉంటూ భారత పౌరసత్వం ఉన్నవాళ్ళు ఫారం 6ఏ ద్వారా ఓటరుగా నమోదు కావచ్చు, ఓటు మాత్రం స్వయంగా వచ్చి వేయాలి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళకు ఇక్కడ ఓటు ఉండదు. డల్లాస్‌లో కూర్చుని ఊళ్ళోని అన్నదమ్ముల మధ్య పార్టీ గొడవ పెంచే ముందు, ఆ గొడవ ఫలితం రోజూ అనుభవించేది ఎవరో తలచుకోండి.

6. మీ మండలంలో ఆ పార్టీని చూడండి

పార్టీ అంటే టీవీలో కనిపించే అధినేత ఒక్కరే కాదు. మీరు చేరితే రోజూ కలిసేది మండల అధ్యక్షుణ్ణి, వార్డు ఇన్‌ఛార్జిని. పిల్లనిచ్చే ముందు నాలుగిళ్ళలో వాకబు చేసినట్టు వాళ్ళ గురించీ వాకబు చేయండి. చేరకముందే రెండు మూడు సమావేశాలకు వెళ్ళి వెనక వరసలో కూర్చోండి. అక్కడ ఏం గమనించాలి? ఎన్నికలు లేని నెలల్లో కార్యాలయం తెరిచి ఉంటుందా? ఆడవాళ్ళు వస్తారా, వస్తే మైకు వాళ్ళ చేతికి వెళుతుందా? దళితవాడ నుంచి వచ్చినవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు? ఎవరైనా నాయకుడితో విభేదిస్తే ఆ మనిషి తర్వాతి సమావేశానికి వస్తాడా? పదవులకు ఎన్నిక జరుగుతుందా, పై నుంచి పేర్లు వస్తాయా?

నమోదైన ప్రతి పార్టీకీ సొంత నిబంధనావళి ఉంటుంది, నమోదు కోసం ఎన్నికల సంఘానికి ఇవ్వాల్సిన పత్రమది. దాన్ని అడగండి. "అన్నా, మన పార్టీ నిబంధనల పుస్తకం ఒకటిస్తావా, చదువుతా" అంటే ఎదుటివాళ్ళ మొహంలో వచ్చే మార్పు మీకు చాలా చెబుతుంది.

7. నచ్చనిది వచ్చిన రోజు

వస్తుంది. ఏ పార్టీలో ఉన్నా వస్తుంది. అప్పుడేం చేయాలో చేరే రోజే రాసి పెట్టుకోండి. మీ అయిదు అంశాల్లో కింది మూడింటి మీద పార్టీ అడుగు తప్పితే లోపలే ఉండి చెబుతారు: సమావేశంలో, ఉత్తరంలో, నాయకుడి ఎదుట. మొదటి అంశం మీదే ఎదురు తిరిగితే? బయటికి వచ్చే హక్కు మీకుంది. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం చట్టసభల సభ్యులకే వర్తిస్తుంది, మీకు వర్తించదు. పదవికో కాంట్రాక్టుకో కండువా మార్చేవాళ్ళను చూసి చూసి, పార్టీ మారడమంటేనే సిగ్గుపడే పరిస్థితి వచ్చింది. మీరు ఆ సిగ్గు పడక్కర్లేదు.

నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగా జీవితం చూడండి. ఆయన జాబితాలో రైతు మొదటి అంశం. 1959లో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార సేద్యాన్ని తీర్మానించినప్పుడు, అది రైతు చేతిలోని భూమికి ముప్పని నమ్మి కాంగ్రెస్‌ను వదిలారు. రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీలో నిలబడి దాని తొలి అధ్యక్షుడయ్యారు. అప్పటికి నెహ్రూ ప్రభుత్వం బలంగా ఉంది, వదిలి వెళ్ళడం వల్ల దక్కే పదవి ఏదీ లేదు. తర్వాత మళ్ళీ కాంగ్రెస్‌కు తిరిగి వచ్చారు. ఆయన వాదన ఒప్పో తప్పో మీరు చర్చించుకోవచ్చు. ఎందుకు వెళ్ళారో మాత్రం ఎవరికైనా ఒక్క వాక్యంలో చెప్పగలరు. మీరు పార్టీ మారే రోజున మీ కారణం కూడా అలా చెప్పగలిగేలా ఉండాలి. చెప్పలేకపోతుంటే ఇంకొంత కాలం ఆగండి.

బయటికి వచ్చేటప్పుడు ఉత్తరం రాసి ఇవ్వండి. మీ దగ్గరున్న సభ్యత్వ పుస్తకాలు, డబ్బు లెక్కలు అప్పజెప్పండి. అదే వారం ఇంకో కండువా కప్పుకోకండి, కొన్నాళ్ళు ఓటరుగా మాత్రమే ఉండండి. నిన్నటిదాకా కలిసి టీ తాగిన కార్యకర్తలను తిట్టకండి. వాళ్ళు అప్పుడూ మీ ఊరివాళ్ళే, రేపూ మీ ఊరివాళ్ళే.

8. ఏ పార్టీ కుదరకపోతే

కుదరకపోవచ్చు, అది లోపమేమీ కాదు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఓటింగ్ యంత్రం మీద నోటా మీట వచ్చింది. కానీ నోటాకు ఎన్ని ఓట్లు పడినా, అభ్యర్థుల్లో ఎక్కువ తెచ్చుకున్నవాళ్ళే అసెంబ్లీకో పార్లమెంటుకో వెళతారని తెలిసి నొక్కండి. అంతకంటే పనికొచ్చేది ఇంకోటి ఉంది. మీ జాబితాలోని మొదటి అంశం మీద పనిచేస్తున్న రైతు సంఘమో, తల్లిదండ్రుల కమిటీయో, మహిళా సంఘమో మీ చుట్టుపక్కల వెతకండి. గ్రామసభకు వెళ్ళి ఆ ఒక్క విషయం మీద అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. ఎన్నికల ముందు అన్ని పార్టీలవాళ్ళూ ఇంటికొస్తారు కదా, ఆ రసీదు చూపించి అందరినీ ఒకే ప్రశ్న అడగండి. ఎవరేమన్నారో తేదీ వేసి, మీ అయిదు అంశాల కాగితం వెనక రాసుకోండి.